చైనీస్ మాతృభాషగా ఉన్నవారికి ఇంగ్లిషు ‘టేక్’ ఎలా నేర్పాలి?

మీరు చైనాలో వైద్యవిద్య చదువుతున్న విద్యార్థి అయినా, సింగపూరులోనో అమెరికాలోనో చైనీస్ సహోద్యోగుల పక్కన పనిచేస్తున్నవారైనా, ‘కాస్త నా ఇంగ్లిషు సరిచేసి పెట్టండి’ అన్న అభ్యర్థన ఎప్పుడో ఒకప్పుడు మీ దాకా వచ్చే ఉంటుంది. సరేనని కూర్చున్నవారికి మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. ఎదుటివారికి బరువైన పదాలతో పెద్దగా ఇబ్బంది ఉండదు; వారిని అడుగడుగునా తడబరిచేవి ‘గెట్’, ‘మేక్’, ‘టేక్’ వంటి చిన్న క్రియలే. వీటిలో ‘టేక్’ ఒక్కదాన్ని పట్టుకుని, చైనీస్‌లో ప్రధాన రూపమైన మాండరిన్ మాట్లాడే పెద్దవారికి దాన్ని ఎలా నేర్పాలో ఇక్కడ వివరిస్తాను. పిల్లల సంగతి ఇందులో చేర్చలేదు. విదేశాల్లో ఉన్న విదేశీయుల చేత పాఠశాల పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పించరాదని 2021 జూలైలో చైనా ప్రభుత్వం నియమం పెట్టింది కాబట్టి, అక్కడివారికి ఇక్కడి నుంచి పాఠం చెప్పదలచుకుంటే మిగిలేది పెద్దవారే.

మీ విద్యార్థిని తక్కువ అంచనా వేయకండి. చైనాలో సాధారణంగా మూడో తరగతి నుంచే ఇంగ్లిషు మొదలవుతుంది, విశ్వవిద్యాలయ ప్రవేశానికి రాసే గావ్‌ఖావ్ పరీక్షలో అది ఒక ముఖ్య విషయం, కళాశాలకు వెళ్ళాక మళ్ళీ దానికి వేరే పరీక్షలు ఉంటాయి. వ్యాకరణ సూత్రాలు మనకంటే వారికే బాగా కంఠస్థం అయి ఉండవచ్చు. అయినా ‘టేక్’ అంటే ఏమిటని అడిగితే వెంటనే ‘నా’ అంటారు. అది చేత్తో పట్టుకోవడాన్ని చెప్పే చైనీస్ క్రియ. చిక్కంతా ఆ ఒక్క జవాబులోనే ఉంది.

మొదట ఒక కాగితం నింపించండి

ఒక తెల్లకాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో మీరే పది ఇంగ్లిషు వాక్యాలు రాయండి: మందు, బస్సు, ఫొటో, స్నానం, పరీక్ష, సమయం, గొడుగు, సీటు, జ్వరం, సెలవు అనే పది మాటలకు ‘టేక్’ జోడించిన వాక్యాలు సరిపోతాయి. రెండో గడిలో వాటి చైనీస్ రూపాలను విద్యార్థి చేతనే రాయించండి. మూడో గడిలో మీరు తెలుగు రాసుకోండి. ఈ మూడో గడి మీ కోసం. దాని ఉపయోగం కొద్దిసేపట్లోనే తెలుస్తుంది.

రెండో గడి నిండేసరికి ‘నా’ అనే క్రియ దాదాపు ఎక్కడా కనిపించదు. మందుకు తినడం అనే క్రియ, బస్సుకు కూర్చోవడం, ఫొటోకు అరచేత్తో చరచడం అనే అర్థమున్న క్రియ, స్నానానికి కడుక్కోవడం, జ్వరానికి కొలవడం, సెలవుకు అడగడం, సమయానికి ఖర్చు పెట్టడాన్ని చెప్పే, పువ్వు అనే అర్థం కూడా ఉన్న ‘హ్వా’ అనే క్రియ వస్తాయి. విద్యార్థి రాసిన అక్షరాలనే వేలితో చూపిస్తూ మాట్లాడండి. తినడాన్ని సూచించే అక్షరానికి ఎడమవైపున నోరును సూచించే చిన్న చతురస్రం ఉంటుంది. కూర్చోవడాన్ని సూచించే అక్షరంలో నేల మీద ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ‘నా’ అనే అక్షరంలో పైన ‘కలుపు’ అనే అక్షరం, కింద ‘చేయి’ అనే అక్షరం ఉంటాయి. అంటే చైనీస్‌లో ఈ పనులన్నిటికీ క్రియే ముందుగా ఏ అవయవం కదులుతుందో, ఏ చేష్ట జరుగుతుందో చెబుతుంది. ఇంగ్లిషు ‘టేక్’ ఆ పని చేయదు. అది దాదాపు ఖాళీ పాత్ర. అందులో ఏముందో పక్కనున్న నామవాచకం చెబుతుంది. ‘ఐ ఏట్ మెడిసిన్’ అన్నవారికి ఇంగ్లిషు మాటలు తెలియక కాదు, క్రియ ఖాళీగా ఉండవచ్చన్న ఊహే వారికి రాలేదు. మీరు నేర్పవలసింది పది అర్థాలు కాదు, ఈ ఒక్క ఊహ.

‘కొట్టు’ను తోడు తెచ్చుకోండి

ఆ ఊహను వివరణతో ఎక్కించలేరు. వారి భాషలోనే అటువంటి ఖాళీ క్రియ ఒకటి ఉంది, దాన్ని చూపించాలి. కొట్టడం అనే అర్థమున్న ఆ క్రియను పిన్యిన్‌లో, అంటే చైనీస్ ఉచ్చారణను ఇంగ్లిషు అక్షరాలతో రాసే పద్ధతిలో, డి అక్షరంతో రాస్తారు గాని, పలికితే మన చెవికి ‘తా’ అని వినిపిస్తుంది. చైనీయులు ఫోన్‌ను ‘కొడతారు’, టాక్సీని ‘కొడతారు’, బంతిని ‘కొడతారు’, వానలో గొడుగును ‘కొడతారు’, సూదిమందును ‘కొడతారు’, స్వెట్టరు అల్లడానికీ తుమ్మడానికీ కూడా అదే క్రియ వాడతారు. దుకాణంలో విడిగా కొలిపించుకుని నూనె కొనడం కూడా ‘కొట్టడమే’.

ఇది చదువుతున్నప్పుడు మీకు ఎక్కడో విన్నట్టు అనిపిస్తే అందులో వింత లేదు. మనం ఫోన్ కొడతాం, ఈల కొడతాం, కొబ్బరికాయ కొడతాం, బడికి డుమ్మా కొడతాం, బండిలో పెట్రోలు కొట్టిస్తాం. సైకిలు చక్రానికి గాలి కొట్టడాన్ని చైనీస్‌లో ‘తా ఛీ’ అంటారు. అందులో మొదటి మాట కొట్టడం, రెండో మాట గాలి. మాటకు మాట మన తెలుగే. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని రెండు భాషలు ఇలా ఒకే దారిన నడవడం చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది, పాఠం చెప్పేటప్పుడు ఆ సంతోషాన్ని దాచుకోవలసిన అవసరం కూడా లేదు.

ఈ మెట్టు మీద కనీసం అరగంట గడపండి. విద్యార్థిని ‘తా’తో మొదలయ్యే మాటలు గుర్తొచ్చినన్ని చెప్పమని అడగండి, ఒక్కోదానికీ ‘ఇక్కడ నిజంగా ఎవరు ఎవరిని కొడుతున్నారు?’ అని ప్రశ్నించండి. టాక్సీ పిలిచేటప్పుడు కొట్టడం అనే భావం మనసులో మెదలదని వారే ఒప్పుకుంటారు. అప్పుడు చెప్పండి: ఇంగ్లిషువారు ‘టేక్ ఎ టాక్సీ’ అన్నప్పుడు వారి మనసులో చేత్తో పట్టుకోవడం కూడా అలాగే మెదలదు. కుతూహలం ఉన్నవారైతే ఇంకొక సంగతి చేర్చవచ్చు. ‘టేక్’ అసలు ఇంగ్లిషు సొత్తు కాదు. వేయి సంవత్సరాల కిందట స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి నార్స్ భాషలోని ‘టాకా’ నుంచి వచ్చింది. అంతకు ముందు ఆ పనికి వాడిన ‘నిమన్’ అనే పాత క్రియ వాడుక నుంచి జారిపోయింది. స్పర్శ తెలియని స్థితికి ఇంగ్లిషులో వాడే ‘నమ్’ అనే మాట దాని నుంచి మిగిలిన ముక్కే.

తేవడం, తీసుకెళ్ళడం

‘టేక్’కూ ‘బ్రింగ్’కూ మధ్య తేడా చైనీస్ విద్యార్థులను తరచు ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే గొడుగు వెంట ఉంచుకోవడానికి వారికి ‘తాయ్’ అనే ఒకే క్రియ ఉంది. ఇక్కడ తెలుగువారు సులువుగా సాయం చేయగలరు. మనం ‘తీసుకుని’ అన్న మాటకు ‘రా’ చేర్చి తీసుకురా అంటాం, ‘వెళ్ళు’ చేర్చి తీసుకెళ్ళు అంటాం. వారు కూడా ‘తాయ్’కి రావడాన్ని చెప్పే ‘లాయ్’ను, పోవడాన్ని చెప్పే ‘ఛ్యూ’ను అదే పద్ధతిలో తగిలిస్తారు. కాబట్టి సూత్రం ఒక్క ముక్కలో ముగుస్తుంది: మనసులో ‘తాయ్ లాయ్’ అనుకుంటే ‘బ్రింగ్’, ‘తాయ్ ఛ్యూ’ అనుకుంటే ‘టేక్’. ఒక పుస్తకాన్ని బల్ల మీద ఉంచి, ఒకసారి మీ వైపు, ఒకసారి గుమ్మం వైపు కదిలిస్తూ వారి చేత చెప్పించండి. దీనికి పది నిమిషాలు చాలు.

నామవాచకాన్ని బట్టి గుంపులు కట్టండి

నిఘంటువులో ఉన్న క్రమంలో అర్థాలు చెప్పకండి. దగ్గరి నామవాచకాలను గుంపుగా చేర్చి, రోజుకు ఒక గుంపు మాత్రమే ఇవ్వండి.

ప్రయాణపు గుంపు తేలిక. బస్సు, రైలు, విమానం, టాక్సీ, లిఫ్టు అన్నిటికీ ‘టేక్’ పనికివస్తుంది. మాండరిన్ మాట్లాడేవారు వీటిలో ‘కూర్చుంటారు’, తైవాన్‌లో మన చెవికి ‘తా’ అనే వినిపించే వేరొక క్రియ కూడా బాగా వాడతారు, మనమైతే ‘ఎక్కుతాం’. సైకిలు, మోటారుసైకిలు ఈ గుంపులోకి రావని చెప్పి ముందుకు సాగండి.

స్నానం, నిద్ర, విశ్రాంతి, నడక, చూపు అనే గుంపులో అసలు కష్టం ‘టేక్’ కాదు, దాని వెనుక వచ్చే ‘ఎ’. చైనీస్‌లో ఆర్టికల్సు లేవు, అందువల్ల ‘టేక్ షవర్’, ‘టేక్ నాప్’ అని ‘ఎ’ను మింగేస్తారు. దీనికి వారి భాషలోనే మంచి ఊతం ఉంది. స్నానం చేయడాన్ని చెప్పే ‘షీ త్సావ్’ వంటి క్రియలు మధ్యకు విడిపోయే జంటపదాలు. తీరుబడిగా, ఒకసారి చేసే పనిగా చెప్పాలంటే రెండు ముక్కల మధ్య ‘క’ అనే చిన్న మాట పెట్టి ‘షీ క త్సావ్’ అంటారు. ఆ ‘క’ ఉన్న చోటే ఇంగ్లిషులో ‘ఎ’ ఉంటుందని చూపించండి. అన్ని ఆర్టికల్సుకూ ఈ ఉపాయం పనిచేయదు, కాని ఈ గుంపులో మాత్రం చక్కగా అతుకుతుంది.

ఫొటో, నోట్సు, ఫోన్‌లో చెప్పిన కబురు, జ్వరం, రక్తపోటు అన్నీ ఒక గుంపు. చైనీస్‌లో ఫొటోను చరుస్తారు, నోట్సును నమోదు చేస్తారు, జ్వరాన్ని కొలుస్తారు. ఇంగ్లిషు దృష్టిలో మాత్రం ఇవన్నీ బయట ఉన్న ఒకదాన్ని పట్టి మన దగ్గర ఉంచుకోవడమే. తెలుగులో ‘ఫొటో తీయడం’, ‘రక్తం తీయడం’ అన్నప్పుడు మనకు కలిగే భావానికి ఇది చాలా దగ్గర. కాబట్టి మూడో గడిలో మీరు రాసుకున్నది ఇప్పుడు ఒకసారి చూసుకోండి.

ఆసుపత్రిలో పనిచేసేవారికి నేర్పుతున్నట్లయితే ఒక్కరోజు అదనంగా కేటాయించండి. ఒక రోగిని చూసే అయిదు నిమిషాల్లోనే ‘టేక్’ చాలాసార్లు వస్తుంది: చొక్కా విప్పమనడం, గట్టిగా ఊపిరి పీల్చమనడం, రక్తపోటు చూడడం, రక్తం తీయడం, మాత్రలు రోజుకు రెండు వేసుకోమనడం, కొన్నాళ్ళు ఉద్యోగానికి సెలవు పెట్టమనడం. ఇంత చిన్న సంభాషణలో చైనీస్‌కు ఆరు వేర్వేరు క్రియలు కావాలి. మీరు రోగిగా నటించండి, విద్యార్థిని వైద్యునిగా కూర్చోబెట్టండి. ఆ ఆరూ తడుముకోకుండా వచ్చేదాకా ఆ సంభాషణనే మళ్ళీ మళ్ళీ నడపండి. జాబితా బట్టీపట్టడం కంటే ఇది ఎంతో మేలు.

కాలం లెక్క

చైనాలోని పాఠశాలల్లో ‘స్పెండ్’, ‘కాస్ట్’, ‘పే’, ‘టేక్’ అనే నాలుగింటిని పక్కపక్కన పెట్టి, తేడాలు గట్టిగా వల్లె వేయిస్తారు. కారణం స్పష్టమే: డబ్బు ఖర్చు పెట్టినా, సమయం వెచ్చించినా చైనీస్‌లో ‘హ్వా’ ఒక్కటే సరిపోతుంది. పరీక్షలో ఖాళీలు నింపడం వారికి వచ్చు. మాట్లాడేటప్పుడు మాత్రం మనిషినే కర్తగా పెట్టుకుని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతారు. ‘ఇట్ టుక్ మి టూ అవర్స్’ అనే వాక్యంలో మనిషి కర్త స్థానంలో లేడు, పక్కకు జరిగాడు. తెలుగులో ‘నాకు రెండు గంటలు పట్టింది’ అన్నప్పుడు ‘నేను’ ఎలా ‘నాకు’గా మారిందో, ఇక్కడ ‘ఐ’ అలాగే ‘మి’గా మారింది. ఈ పోలిక మీ మనసులో ఉంటే వారి తప్పును వినగానే పట్టుకోగలరు. వారికి చెప్పేటప్పుడు మాత్రం ‘ఎంతసేపు పడుతుంది?’ అనడానికి వారు వాడే ‘యావ్ తువో జ్యో’ను గుర్తుచేయండి. అందులోనూ మనిషి ఉండనక్కరలేదు, పనికి ఎంత సమయం కావాలన్నదే ఉంటుంది.

ఆ ‘యావ్’ అనే మాటకు ‘కావాలి’ అని అర్థం. దుకాణంలో వస్తువు నచ్చినప్పుడూ వారు దాన్నే వాడతారు, అందుకే ఇంగ్లిషులో ‘ఐ వాంట్ దిస్’ అనేస్తారు. తప్పు కాకపోయినా అది కాస్త కటువుగా వినిపిస్తుంది. ‘ఐ విల్ టేక్ దిస్’ అనిపించండి. మన ‘ఇది తీసుకుంటాను’కు అది సరిగ్గా సమానం. ఒక చిన్న చిత్రమేమిటంటే మందు అనే మాట కూడా చైనీస్‌లో ‘యావ్’ అనే ఉచ్చారణతో, అదే స్వరంతో (గొంతు ఎత్తుపల్లాలతో) ఉంటుంది, అక్షరం మాత్రం వేరు.

సీటు సంగతి మూడు భాషల మధ్య ముచ్చటగా ఉంటుంది. రైల్లో ఖాళీ సీటు పక్కన నిలబడి చైనీయులు ‘ఇక్కడ మనిషి ఉన్నారా?’ అని అడుగుతారు. మన బస్సుల్లోనూ అడిగేది అదే. ‘ఈజ్ దిస్ సీట్ టేకెన్?’ అని ఇంగ్లిషువారు అడిగేటప్పుడు మనిషి ప్రస్తావనే రాదు, సీటు స్థితి మాత్రమే వస్తుంది. దీన్ని విడమరచి చెప్పవద్దు. మొత్తంగా ఒక ముక్కగా బట్టీ పట్టించండి.

‘ఆఫ్’, ‘అప్’, ‘ఓవర్’ వంటివి చేరిన రూపాలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ ఒకేసారి తలకెత్తుకోకండి. బట్టలు విప్పడానికీ విమానం లేవడానికీ పనికివచ్చే ‘టేక్ ఆఫ్’తో మొదలుపెడితే చాలు. ఒక్క ‘టేక్ ప్లేస్’ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. సమావేశం తనంతట తాను జరగదు, ఎవరో జరుపుతారు అన్న తర్కంతో ‘ద మీటింగ్ వాజ్ టేకెన్ ప్లేస్’ అని కర్మణి ప్రయోగం చేయడం చైనీస్ విద్యార్థుల రాతల్లో తరచుగా కనిపించే తప్పు. ‘హ్యాపెన్’తోనూ ఇదే జరుగుతుంది. ఈ రెండూ ఎప్పుడూ కర్మణిలోకి వెళ్ళవని ఎర్ర సిరాతో రాసి ఇవ్వండి.

మన తప్పులు వారికి అంటకుండా

ఇంతవరకు మూడో గడి మనకు మేలే చేసింది. అది కీడు చేసే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాటవేస్తే మన ఇంగ్లిషు పొరపాట్లను చైనీస్ విద్యార్థికి అంటగట్టినవాళ్ళమవుతాం.

భోజనంతో మొదలుపెడదాం. మనం మర్యాదగా ‘భోజనం తీసుకున్నారా?’ అంటాం, దాన్నే ఇంగ్లిషులోకి మార్చి ‘హ్యావ్ యు టేకెన్ యువర్ ఫుడ్?’ అంటాం. వారు మందును తింటారు, మనం అన్నాన్ని ‘టేక్’ చేస్తాం. ఇంగ్లిషులో మందుకు ‘టేక్’, అన్నానికి ‘ఈట్’ లేదా ‘హ్యావ్’ సహజం. అంటే మందు దగ్గర వారిని మనం దిద్దాలి, అన్నం దగ్గర వారి మాటే ఒప్పు.

పరీక్ష దగ్గర ఇద్దరమూ తప్పుతాం. మనం పరీక్ష రాస్తాం కాబట్టి ‘రైట్ ద ఎగ్జామ్’ అంటాం. వారు పరీక్షలో పాల్గొంటారు కాబట్టి ‘జాయిన్ ద ఎగ్జామ్’ అంటారు. ‘టేక్ ద ఎగ్జామ్’ అనేది ఇద్దరూ కలిసి నేర్చుకోవలసిన మాట. క్లాసు విషయం ఇంకా సూక్ష్మమైనది. ‘సార్ ఈ రోజు క్లాసు తీసుకున్నారు’ అన్న మన వాక్యంలో పాఠం చెప్పినవారు కర్త. ప్రపంచంలో ఎక్కువ చోట్ల ‘టేక్ ఎ క్లాస్’ అంటే పాఠం వినేవారు కర్త. చైనీస్‌లో పాఠం చెప్పేవారికీ వినేవారికీ ‘షాంగ్ ఖ’ అనే ఒకే మాట ఉంది కాబట్టి, మనం పొరపాటున మన పద్ధతిలో వాడితే వారికి అనుమానం కూడా రాదు, తప్పు అలాగే స్థిరపడిపోతుంది.

గతాన్ని చెప్పించండి, తరువాత పలికించండి

చైనీస్ క్రియ కాలాన్ని బట్టి రూపం మార్చుకోదు. అందువల్ల ‘టేక్’ అర్థం తెలిసిన తరువాత కూడా ‘టుక్’, ‘టేకెన్’ నాలుకకు రావు. దీనికి అభ్యాసం ఒక్కటే మార్గం. ప్రతి పాఠం మొదట అయిదు నిమిషాలు నిన్నటి దినచర్య చెప్పించండి: ఏ బస్సు ఎక్కారు, ఎంతసేపు పట్టింది, ఏ ఫొటో తీశారు, కునుకు తీశారా లేదా. వాక్యం మధ్యలో అడ్డుపడకండి. చివరిదాకా విని, తప్పిన చోట్లు మాత్రం కాగితం మీద చూపించండి.

ఉచ్చారణ దగ్గర ముందు మనల్ని మనం సరిదిద్దుకోవాలి. ఇంగ్లిషులో మాట మొదట వచ్చే ట కారం కొంత గాలిని వెంటబెట్టుకుని వస్తుంది. మనం పలికే ‘టేక్’లో ఆ గాలి ఉండదు. 1958లో చైనా ఆమోదించిన పిన్యిన్‌లో టి అక్షరానికి గాలి ఉంటుంది, డి అక్షరానికి ఉండదు, వారి చెవి ఆ తేడానే పట్టుకుంటుంది. అందువల్ల మన ‘టేక్’ వారికి డి అక్షరంతో మొదలైనట్టు వినిపించవచ్చు. నోటి ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుని, అది కదిలేలా పలకడం అలవాటు చేసుకోండి. ఈ ధ్వని వారికి ముందే వచ్చు, మనమే నేర్చుకోవాలి.

మాట చివరి ‘క్’ దగ్గర కథ తిరగబడుతుంది. మాండరిన్‌లో మాటలు అచ్చుతోనో, ‘న్’, ‘ంగ్’ వంటి అనునాసికంతోనో, కొన్ని చోట్ల ‘ర్’తోనో ముగుస్తాయి తప్ప ‘క్’తో ముగియవు. అందుకే కొందరు ‘టే’ అని ఆపేస్తారు, కొందరు చివర ఒక చిన్న అచ్చు చేర్చుకుంటారు. హాంకాంగ్ ప్రాంతపు కాంటనీస్ మాట్లాడేవారికి ‘క్’తో ముగిసే మాటలు సొంత భాషలోనే ఉన్నాయి కాబట్టి వారికి ఈ ఇబ్బంది తక్కువ. బస్సు, కారు అని చివర అచ్చు చేర్చుకున్న అజంత భాష మనది. ఈ ఇబ్బంది ఎక్కడి నుంచి వస్తుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఒంటరిగా ‘టేక్’ అనిపించడంతో మొదలుపెట్టకండి. ముందు ‘టేక్ ఇట్’ అనిపించండి. అక్కడ ‘క్’ తరువాతి అచ్చుతో కలిసి ‘టే-కిట్’ అవుతుంది, మాట మొదట వచ్చే ‘క’ వారికి కష్టం కాదు. అది కుదిరాక ‘టేక్ ఎ బస్’, ఆ తరువాత ‘టుక్ ఎ బస్’ అనిపించండి. ఆ రెండూ నిలకడగా వచ్చిన రోజున తరువాతి మాటను నెమ్మదిగా తీసేసి, ‘టేక్’ను ఒంటరిగా పలికించండి.